వీపు బాగుంది

"నిన్న పొద్దున్నే కదా కొత్త సబ్బు విప్పి పెట్టాను! ఇవాళ చూస్తే చిలక నాలుకంత మిగిలింది. చేతులు కడుక్కుంటున్నారా, కొరుక్కు తింటున్నారా?"

కోడలు సింకు ముందు నిలబడి, మిగిలిన సబ్బు పెచ్చును రెండు వేళ్ళతో ఎత్తి అందరికీ చూపించింది. అది వేళ్ళ మధ్య నుంచి జారి గిన్నెల్లో పడింది.

"తింటున్నది ఎవరో కనుక్కో. ఆ మేరకు అన్నం తగ్గించి వండొచ్చు," అన్నాడు ఆమె భర్త, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

"మీకు ప్రతిదీ హాస్యమే. గిన్నెలకి సబ్బు నురగ, కుళాయికి సబ్బు నురగ. రాత్రి మంచినీళ్ళ గ్లాసు కూడా సబ్బు కంపు కొట్టింది."

"నేనే వదినా," అంది మిరియం, గుమ్మంలోంచి.

నల్లగా, గుండ్రంగా, ముట్టుకుంటే మండేలా పుట్టిందని చిన్నప్పుడు అన్న పెట్టిన పేరు అది. నర్సు చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరాక కూడా ఇంట్లో ఆ పేరే మిగిలింది. ఇప్పుడు ఆ పిల్ల మొహంలో మంట లేదు. తువ్వాలుతో చేతులు తుడుచుకుంటూనే ఉంది. వేళ్ళు నానిపోయి తెల్లబడ్డాయి. కణుపుల దగ్గర చర్మం పొరలు పొరలుగా లేచింది.

వదిన ఆ చేతులు చూసి, సబ్బు సంగతి మింగేసింది. కాని మొదలుపెట్టిన మాట అంత తొందరగా ఆగుతుందా?

"డ్యూటీకి వెళ్ళడం మానేసి రెండ్రోజులైంది. ఇంట్లో కూర్చుని ఇన్నిసార్లు కడగడానికి ఏం అంటుకుందని?"

"కంపు పోవట్లేదు."

"ఏం కంపు? నాకేం రావట్లేదే."

"నాకొస్తోంది."

అప్పుడే తల్లి గదిలోంచి బయటికి వచ్చింది. లేత పసుపు కోటు, దాని మీద మెరిసే బిళ్ళ. భర్త పోయాక నర్సు ఉద్యోగంతోనే ఇద్దరు పిల్లల్ని పెంచిన మనిషి. రిటైరై ఇంట్లో కూర్చున్నదాన్ని, కూతురు పనిచేసే ఆసుపత్రివాళ్ళే పిలిచి, చిన్న నర్సులందరికీ 'పెద్దక్క'గా ఉండమన్నారు. చేరి ఇంకా నెల నిండలేదు. ఆ బిళ్ళ కోటు మీద తిన్నగా ఉందో లేదోనని వెళ్ళేముందు అద్దంలో చూసుకోవడం మాత్రం బాగా అలవాటైంది.

"నా సర్వీసంతా ఏం చూడలేదు నేను? చీము చూశాను, నెత్తురు చూశాను. ఇంటికొచ్చి శుభ్రంగా అన్నం తిన్నాను. ఇలా చేతులు అరగదీసుకుంటూ కూర్చోలేదు," అంది తల్లి.

"నీ చేతులకేం? ఆసుపత్రిలో నీ గదిలో మెత్తటి సోఫా మీద ఉన్నాయి," అంది మిరియం.

"ఏమే, ఎవరితో మాట్లాడుతున్నావు?"

"పెద్దక్కతో. ఇవాళ ఒక్కసారి వార్డులోకి వెళ్ళి ఆ కిటికీ పక్క మంచం ఆయన వీపు చూడు. నాకోసం."

"నా పని వార్డులో కాదు."

"తెలుసు. పిల్లలు ఉద్యోగం మానకుండా బుజ్జగించడం నీ పని. ఒకసారి చూడమన్నాను, అంతే."

తల్లి చెప్పులు వేసుకుంది. ఒక చెప్పు పట్టీ సరిగ్గా పడలేదు. వంగి సరిచేసుకుంటూ, ఎవరి మొహమూ చూడకుండా, "అన్నం తినమను దాన్ని," అని కోడలికి చెప్పి వెళ్ళిపోయింది.

*

మధ్యాహ్నం మిరియం ముందు పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. కూర మీద నూనె తేలి గడ్డకట్టింది. ఒక ఈగ దాని చుట్టూ తిరిగి, నచ్చనట్టు వెళ్ళిపోయింది.

వదిన ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది. "చెప్పు. మీ అమ్మకీ నీకూ మధ్య సగం సగం మాటలు వింటున్నాను. ఆ కిటికీ పక్క మంచం ఆయనకి ఏమైంది?"

"నీకు చెప్తే రెండ్రోజులు అన్నం తినలేవు."

"నువ్వెలాగూ తినట్లేదు. ఇద్దరిదీ మిగుల్తుంది, చెప్పు."

మిరియం నవ్వబోయి ఆగిపోయింది.

"ఆయన వడ్రంగి వదినా. పక్షవాతం వచ్చి ఒక పక్కంతా పడిపోయింది. మాట పోయింది. తనంతట తాను పక్కకి కూడా తిరగలేడు. అలాంటివాళ్ళని గంటకో రెండు గంటలకో ఒకసారి తిప్పాలి. లేకపోతే వీపు కింద చర్మం చచ్చిపోతుంది. బరువైన మనిషి. ఒక్కదాన్నే తిప్పితే సగం తిరిగి మళ్ళీ నా మీదకే ఒరిగిపోతాడు."

"మీరిద్దరు ఉండేవాళ్ళు కదా?"

"ఉండేవాళ్ళం. నా జంట మానేసింది. చెప్పుల షాపులో చేరింది. అక్కడ కూర్చోవడానికి స్టూలు ఇస్తారట, దానికే మురిసిపోయింది పిచ్చిది. ఇంకో మనిషిని ఇవ్వమని పూలకుండీని అడిగాను. అడిగిన ప్రతిసారీ, 'ముందు నీ మొహంలో ఉత్సాహం చూపించు' అంది."

పూలకుండీ అంటే ఇన్‌ఛార్జి సిస్టర్. అలంకరించి ఒకచోట పెడితే అక్కడి నుంచి కదలదని పిల్లలు పెట్టుకున్న పేరు.

"సరే, తిప్పలేదు. మరి ఎవరూ చూడలేదా? అంతమంది మారుతుంటారు కదా ఆ వార్డులో?"

"అదే వదినా అసహ్యం." మిరియం మళ్ళీ తువ్వాలు అందుకుంది. "డ్యూటీ మారేటప్పుడు వెళ్ళేవాళ్ళు వచ్చేవాళ్ళకి ప్రతి మంచం దగ్గరా నిలబడి అప్పజెప్పాలి. అప్పుడే ఇంటివాళ్ళనీ లోపలికి రానిస్తారు. ఇదివరకు దుప్పటి ఎత్తి, మనిషిని పక్కకి తిప్పి, వీపు చూపించేవాళ్ళం. పూలకుండీ వచ్చాక ఆపించేసింది. ఇంటివాళ్ళ ముందు ఆ ప్రదర్శనలేమిటి, నోటితో చెప్పండి, నవ్వుతూ చెప్పండి అంది. అప్పట్నుంచీ నోటితోనే. జ్వరం లేదు, గొట్టం బాగుంది, వీపు బాగుంది."

"చూసి చెప్పింది ఎవరు?"

"ఎవరూ చూడలేదు. ముందువాళ్ళు బాగుందన్నారని తర్వాతవాళ్ళూ అన్నారు. పొద్దున నాకు ఒకామె చెప్పింది, సాయంత్రం నేను ఇంకొకామెకి చెప్పాను. అద్దింటి తాళంచెవిలాగా చేతులు మారింది ఆ మాట. లోపల ఇల్లు కూలిపోయిందో ఉందో ఎవరికీ పట్టలేదు."

"నువ్వు కూడా అన్నావా?"

"అన్నాను. నవ్వుతూ అన్నాను."

వదిన కంచం అవతలికి జరిపింది, ఈగ మళ్ళీ వచ్చింది.

"ఆయన భార్య రోజూ నా చెయ్యి పట్టుకుంటుంది. 'నువ్వున్నావు కదా తల్లీ, నాకు దిగుల్లేదు' అంటుంది. ఇదే చెయ్యి."

"మరి ఎలా బయటపడింది?"

"ఉత్సాహ వారం పెట్టారు కదా. చిన్న నర్సులందరూ ఎందుకు మానేస్తున్నారో కనుక్కోవడానికి ఒకాయన్ని తెచ్చారు. నవ్వుల సారు అంటాం మేము. ఆయన కనుక్కున్నది ఏమిటంటే, మాకు బెలూన్లు తక్కువయ్యాయట. నన్ను వార్డులోంచి పిలిచారు. వార్డులో నేనొక్కదాన్నే ఉన్నానని చెప్పాను. పది నిమిషాల్లో ఏం మునిగిపోదు రమ్మన్నారు. వెళ్ళాను. నెత్తిన రంగు కాగితం టోపీ పెట్టారు. గుండ్రంగా నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. ఒకళ్ళ నోట్లో ఒకళ్ళు కేకు పెట్టమన్నారు, ఫోటో కోసం. తిరిగొచ్చేసరికి ఆయన మంచం దగ్గర ఒక వాసన."

"చాలు," అంది వదిన.

"విను, అడిగావు కదా. దుప్పటి ఎత్తాను. పక్కబట్ట వీపుకి అంటుకుపోయింది. తడి చేసి మెల్లగా విడదీశాను. నడుం కింద పెద్ద పుండు. లోపలికి గుంట పడిపోయింది. నా వేళ్ళకి ఇంకా కేకు మీద తెల్ల క్రీమ్ ఉంది వదినా. ఆ తీపి వాసనా ఈ వాసనా కలిసిపోయాయి. అక్కడే వాంతి చేసుకున్నాను."

వదిన పమిట చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"పుండు చూసి కాదు. పుండ్లు నాకు కొత్త కాదు. ఎవరి పక్క మార్చినా, ఎవరి కక్కు ఎత్తినా నాకు ఎప్పుడూ కడుపులో తిప్పలేదు. ఆయన కళ్ళు తెరిచి నా నెత్తి వైపు చూశాడు. ఆ టోపీ ఇంకా నా నెత్తినే ఉంది."

బయట ఎవరో కూరగాయల బండి తోసుకుంటూ వెళ్తున్నారు. ఆ చక్రాల చప్పుడు వీధి చివరిదాకా వెళ్ళింది.

"ఆయనకి నొప్పి తెలుస్తుందా?" అని అడిగింది వదిన చివరికి.

"తెలుస్తుంది. చెప్పడానికే నోరు లేదు."

"భార్యకి చెప్పారా?"

"చర్మం కాస్త కందింది అన్నారు. ఆవిణ్ణి బయటికి పంపి కట్టు మారుస్తున్నారు. నేను చెప్పబోతే, 'నీ డ్యూటీ అయిపోయింది, వెళ్ళు' అని పూలకుండీ నన్ను గుమ్మం దాకా సాగనంపింది."

వదిన లేచి వంటింట్లోకి వెళ్ళింది. కొత్త సబ్బు విప్పి, కాగితం ఉండచుట్టి పారేసి, సింకు గట్టు మీద పెట్టి వచ్చింది.

"కడుక్కో, నీ ఇష్టం. చర్మం ఊడిపోతే మాత్రం నా మీదకి రాకు," అంది.

*

సాయంత్రం తల్లి చేతిలో ఒక అట్టపెట్టెతో వచ్చింది. పైన ఎర్ర రిబ్బను. కూతురి మంచం మీద పెట్టి, తలుపు దగ్గరగా వేసింది.

"నీకోసం పంపారు. నువ్వు రాలేదని నవ్వుల సారు ప్రత్యేకంగా పక్కన పెట్టించారట."

మిరియం మూత ఎత్తి చూసింది. కేకు ముక్క. తెల్ల క్రీమ్ దారిలో కరిగి పెట్టె మూలకి కారింది. మూత వేసి, పెట్టెను కిటికీ అవతల గట్టు మీద పెట్టేసింది.

"తిండిని అలా పారేయకూడదు."

"చూశావా?"

తల్లి కోటు విప్పడం మొదలుపెట్టింది. బిళ్ళ గుడ్డకి చిక్కుకుంది. పీకితే దారం వచ్చింది.

"చూశాను."

"ఎంతుంది?"

తల్లి తన అరచెయ్యి తెరిచి చూసుకుని, వెంటనే మూసేసింది.

"కట్టు మారుస్తున్నారు. మందులు మొదలుపెట్టారు. మానుతుంది," అంది కాసేపటికి.

"ఆవిడ ఎక్కడుంది అప్పుడు?"

"వరండాలో."

"నువ్వు ఆవిడ పక్కనుంచే లోపలికి వెళ్ళావా?"

"నమస్కారం పెట్టింది నాకు. పెద్దక్కా అంది. ఏం చేయమంటావు? అక్కడే నిలబెట్టి చెప్పనా?" తల్లి గొంతు పెరిగింది. "నేనొక ముఖ్యమైన మాట చెప్పడానికి వచ్చాను. నాకంటే ముందు నువ్వు కోర్టు పెట్టకు."

"చెప్పు."

"ఎల్లుండి విచారణ పెడుతున్నారు. నువ్వు ఒక్క మాట అంటే చాలు. ఆ రోజు తిప్పడం మర్చిపోయానని. అంతటితో అయిపోతుంది. ఉద్యోగం తీయరు. వారం రోజులు శిక్షణ అంటారు, అదీ నా దగ్గరే. వచ్చే నెల నిన్నే 'నెల నక్షత్రం' చేస్తామన్నారు."

"ఏ రోజు?"

"ఏంటి?"

"ఏ రోజు మర్చిపోయానని చెప్పాలి?"

"ఏదో ఒక రోజు."

మిరియం తల్లి మొహంలోకి చూసింది. ఆసుపత్రిలో ఎవరి మొహంలోకి చూసినా ఇంత వికారం కలగలేదనిపించింది ఆ పిల్లకి. అలా అనిపించినందుకు ఇంకా వికారం వేసింది.

"అమ్మా, నీకు అసహ్యం వేయట్లేదా?"

"ఎవరి మీద?"

"నువ్వే చెప్పు."

తల్లి మంచం అంచున కూర్చుంది. కోటు లేకుండా, నలిగిన చీరలో, ఆమె ఒక్కసారిగా ఇంటి మనిషైపోయింది.

"ఉద్యోగం అయిపోయాక ఈ ఇంట్లో నన్ను ఎవరు ఏ పనికి పిలిచారే? మోటారు ఆపమనో, గ్యాసు వచ్చిందో లేదో చూడమనో తప్ప? అక్కడ అంతమంది ఆడపిల్లలు పెద్దక్కా, పెద్దక్కా అని చుట్టూ మూగుతున్నారు. నేను మళ్ళీ మనిషినయ్యాను. నీకది అసహ్యంగా ఉందా?"

"వాళ్ళెందుకు వస్తున్నారో తెలుసా? నీ గదిలో కుర్చీలున్నాయి. వార్డులో కూర్చోవడానికి ఏమీ లేదు. కాసేపు కాళ్ళు చాపుకోవడానికి వస్తున్నారు."

అది నిజమో కాదో మిరియానికే తెలియదు. కాని అనేసింది. తల్లి మొహం మీద ఆ మాట తగిలిన చోటు కనిపించింది.

"నేను ఒప్పుకోకపోతే?" అంది మిరియం.

"మిగతా అందరూ నీ పేరే చెప్తారు. చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. నా కూతురువి కాబట్టి ముందు నన్ను పంపారు."

"నీ ఉద్యోగం?"

తల్లి లేచి తలుపు తీసింది. "అన్నాలు చల్లారిపోతాయి. రా," అంది.

*

ముగ్గురూ భోజనానికి కూర్చున్నారు. వదిన వడ్డిస్తోంది. గరిట గిన్నెకి తగిలిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. అన్నకి ఆ నిశ్శబ్దం పడలేదు.

"ఇది భోజనమా, సంతాప సభా? రెండు నిమిషాలు లేచి నిలబడమంటారా?"

ఎవరూ నవ్వలేదు.

"సరే, నేను అసలు విషయానికి వస్తా. మిరియం, నువ్వా ఉద్యోగం మానేయ్. నా స్నేహితుడి కళ్ళజోళ్ళ షాపులో మనిషి కావాలట. చల్లగా ఏసీలో కూర్చోవచ్చు. వచ్చినవాళ్ళ ముక్కు మీద కళ్ళజోడు పెట్టి, బాగుందండీ అంటే చాలు."

"అదే కదన్నయ్యా ఇప్పుడు చేస్తున్నది. చూడకుండా బాగుందనడం," అంది మిరియం.

అన్నకి అర్థం కాలేదు. భార్య వైపు చూశాడు. ఆమె అతని కంచంలో అడగకుండానే ఇంకో గరిట కూర వేసింది, నోరు మూసుకోమన్నట్టు.

మిరియం అన్నం కలిపింది. రెండ్రోజుల తర్వాత మొదటి ముద్ద. నమిలి, కష్టపడి మింగింది. ముగ్గురూ చూస్తూనే ఉన్నారు.

"రేపు డ్యూటీకి వెళ్తున్నాను," అంది.

తల్లి భుజాలు కిందికి జారాయి. "నాకు తెలుసు, వెళ్తావని. ఆసుపత్రికి ఫోన్ చేసి చెప్పనా మరి, ఆ మాటకి ఒప్పుకున్నావని?"

"ఆ మాటకి ఒప్పుకోలేదు. విచారణ దాకా ఆగను కూడా. రేపు పొద్దున డ్యూటీ మారేటప్పుడు ఆయన మంచం దగ్గర, ఆయన భార్య ముందే చెప్తాను. దుప్పటి ఎత్తి చూపించి చెప్తాను. అందరం చూడకుండా బాగుందన్నామని, నేనూ అన్నానని."

"నీకు మతి పోయిందా?"

"ఉద్యోగం ఊడుతుందే!" అన్నాడు అన్న.

"ఊడితే ఊడనీ అని నేను అనను. నాకా ఉద్యోగం కావాలి." మిరియం అన్న వైపు తిరిగింది. "కళ్ళజోళ్ళు అమ్మలేనన్నయ్యా. దొరకని నరం దొరికినప్పుడు, జ్వరం దిగి మనిషి మంచినీళ్ళు అడిగినప్పుడు, నాకెంత బాగుంటుందో మీకెవరికీ తెలియదు. ఆ పని చేద్దామనే చేరాను. అక్కడ అది తప్ప అన్నీ చేయిస్తున్నారు. ఆ పని నన్ను చేయనిస్తారా లేదా అన్నది రేపు ఆ మంచం దగ్గరే తేలాలి."

వదిన గరిట కింద పెట్టింది. "ఆవిడ కేకలేస్తుంది. నిన్ను కొట్టినా కొడుతుంది," అంది మెల్లగా.

"కొట్టనీ."

తల్లి కంచంలోకి చూస్తోంది. తర్వాత, ఇంట్లో సరుకులు అయిపోయాయని చెప్పినంత మామూలుగా అంది:

"రేపు ఆ డ్యూటీ మార్పు దగ్గర నన్ను నిలబడమన్నారు."

"ఎవరు?"

"పైవాళ్ళు."

"ఎందుకు?"

"ఆ మంచం మీద దుప్పటి ఎవరూ ఎత్తకుండా చూడమని."

అన్న ముద్ద సగంలో ఆపేశాడు.

"నువ్వేమన్నావు?" అంది మిరియం.

"సరేనన్నాను."

మిరియం రెండో ముద్ద కలపలేదు. నీళ్ళు తాగింది. గ్లాసు కింద పెట్టాక, ఆమె మాటల్లో కోపం లేదు.

"మంచిదే. ఆయన్ని తిప్పాలంటే ఎలాగూ ఇద్దరు కావాలి. నేను ఇటువైపు ఉంటాను. నువ్వు అటువైపు నిలబడు. దుప్పటి పట్టుకుంటావో, ఆయన భుజం పట్టుకుంటావో నీ ఇష్టం."

తల్లి తలెత్తలేదు. చెయ్యి కంచంలోనే ఉంది, వేళ్ళు అన్నాన్ని కలుపుతూనే ఉన్నాయి. ఒక్క మెతుకూ పైకి రాలేదు.

అన్న గొంతు సవరించుకున్నాడు.

"పొద్దున్నే బండి చెప్పాలి కదా. ఇద్దరూ ఒకే బండిలో వెళ్తారా, రెండు పిలవాలా?"